మూడు తాళాలు

తోట ఇల్లు
జూన్ 4

మరదలా,

ఉత్తరం చూసి కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని నువ్వు ముక్కు విరుస్తావని తెలుసు. ఫోన్ హాల్లో ఉంది. హాల్లో మీ అన్నయ్య ఉన్నారు. రిటైరైన దగ్గర్నుంచీ ఆ కుర్చీని వదిలితే ఒట్టు. నేను హలో అంటే చాలు, "ఎవరూ? ఏమిటట?" అని చెవులు రిక్కిస్తారు. సెల్ ఫోన్‌కి సిగ్నల్ కావాలంటే నీళ్ళ ట్యాంకు ఎక్కాలి. అరవయ్యేళ్ళ దాన్ని, ఎక్కమంటావా చెప్పు.

అందుకే ఉత్తరం. కూరగాయలు మార్కెట్లో దించినప్పుడు నేనే పోస్టు డబ్బాలో వేస్తాను. జవాబు ఇంటికి రాయకు, విత్తనాల కొట్టు చిరునామాకి రాయి. కొట్టాయన తీసి ఉంచుతానన్నాడు. ఈ వయసులో దొంగ ఉత్తరాలేమిటమ్మా అని ఒకటే నవ్వు.

సంగతేమిటంటే, ఇంట్లో ఉన్న రైఫిల్‌ని మీ ఆఫీసులో అప్పజెప్పేద్దామనుకుంటున్నాను. మన కారులో తేవాలంటే రూల్సేమిటో రాయి. ఇరవై ఏడేళ్ళుగా ఆయుధాల లైసెన్సుల సెక్షన్లో కూర్చుని ఫైళ్ళు తిప్పుతున్నావు కదా, ఒక్కసారైనా మాకు పనికిరా.

ఎందుకని అడుగుతావు. పంటమీద పడే అడవిపందులు తగ్గాయి. కొత్త కంచె వేశాక అవి ఇటు రావడం మానేశాయి. అదీకాక పోయిన నెలలో ఒక సాయంత్రం, వెలుతురు మసకబారాక, మీ అన్నయ్య చిక్కుడు పాదుల దగ్గర బెదురుబొమ్మని చూసి పంది అనుకుని కాల్చారు. బొమ్మకేం పోయింది, మళ్ళీ గడ్డి కూరి నిలబెట్టాను. పంది పారిపోయిందని ఆయనతో అన్నాను. "నా గురి తప్పదే" అని అన్నం తింటూ కూడా గొణుగుతూనే ఉన్నారు. నవ్వుకున్నాంలే. కానీ ఆ రోజు నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. పొయ్యి మీద పాలు పెట్టి వాకిట్లోకి వెళ్తాను, వాకిట్లోంచి పెరట్లోకి వెళ్తాను, ఈలోగా పాలు పొంగిపోతాయి.

త్వరగా రాయి.

నీ వదిన


లైసెన్సుల సెక్షన్, రెండో అంతస్తు
జూన్ 12

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఒకసారి మరదలిగా, ఒకసారి గుమాస్తాగా. మరదలికి నవ్వొచ్చింది. గుమాస్తాకి రాలేదు.

రూల్సు నన్నడగడమెందుకు? ముప్పై ఏళ్ళపాటు గార్డుల శిక్షణ కేంద్రంలో వచ్చినవాళ్ళందరికీ ఆ రూల్సు నూరిపోసిన మనిషి నీ హాల్లోనే కూర్చున్నాడు. అన్నయ్యకి అక్కడ "మూడు తాళాల మాస్టారు" అని పేరు ఊరికే పెట్టలేదు. రైఫిల్ పెట్టెకి ఒక తాళం, తూటాల డబ్బాకి ఒక తాళం, కారు డిక్కీకి ఒక తాళం. మూడూ పడ్డాకే ఇంజను తిప్పాలి. నాకు పన్నెండేళ్ళప్పుడే అప్పజెప్పించుకున్నాడు, ఎక్కాల కంటే ముందు.

సరే, అడిగావు కాబట్టి చెబుతున్నాను. ముందు రైఫిల్‌లో తూటా లేదని చూసుకోవాలి, కళ్ళతో ఒకసారి, వేలితో ఒకసారి. బోల్టు, అదే తూటాని లోపలికి తోసే గొళ్ళెం, ఊడదీసి వేరే గుడ్డలో చుట్టాలి. రైఫిల్ గట్టి పెట్టెలో ఉండాలి, పెట్టె డిక్కీలో ఉండాలి. బండి నడిపేవాళ్ళు చెయ్యి చాస్తే అందకూడదు. తూటాలకి వేరే డబ్బా, వేరే తాళం. లైసెన్సు అసలు కాగితం దగ్గరుండాలి, జిరాక్సు చెల్లదు. మా ఆఫీసు ఇచ్చే రవాణా పర్మిట్ కూడా ఉండాలి. అందులో బండి నంబరు, తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నీ రాసి ఉంటాయి. దగ్గరి దారినే రావాలి. బండిని వదిలేసి మంచినీళ్ళకి కూడా ఇద్దరూ దిగకూడదు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. లైసెన్సు ఎవరి పేరున ఉందో ఆ మనిషి బండిలో ఉండాలి, పర్మిట్ మీద ఆయనే సంతకం పెట్టాలి. నడిపేది నువ్వైనా పక్కసీట్లో అన్నయ్య కూర్చోవాలి. అన్నయ్య లేకుండా ఆ రైఫిల్ మీ గేటు దాటితే అది నేరం వదినా, నీ పేరున రాస్తారు.

కాబట్టి అన్నయ్యనే ఒక ముక్క రాయమను. బెదురుబొమ్మ సంగతి మాత్రం నేను నమ్మలేదు సుమా. మసక వెలుతురైనా, మబ్బైనా, అన్నయ్య బొమ్మకీ పందికీ తేడా తెలియని మనిషి కాదు.

నీ మరదలు


తోట ఇల్లు
జూన్ 20

మరదలా,

ఆయన రారు. భోజనాల దగ్గర మెల్లగా కదిపాను. "పందులు తగ్గాయిగా, ఇచ్చేద్దామా?" అన్నాను. కంచం ముందునుంచి లేచిపోయారు. ఆ పూట పస్తు. సాయంత్రం దాన్ని బయటికి తీసి, నూనె గుడ్డతో తుడిచి తుడిచి, మళ్ళీ పెట్టెలో పెట్టి తాళం వేశారు. పది నిమిషాలకి మళ్ళీ తీశారు, తుడవలేదనుకుని.

ఇదే నీకు చెప్పాలని చూస్తున్నాను. బెదురుబొమ్మ ఒక్కటే కాదు. మోటారు వేసి ఆపడం మర్చిపోతారు. మొన్న నన్ను "మీరు ఎవరి కోసం వచ్చారు?" అని అడిగి, నేను తెల్లబోయి చూస్తే నవ్వేసి ఆట పట్టించానన్నారు. ఆట కాదని ఇద్దరికీ తెలుసు.

నేనొక తెలివితక్కువ పని చేశాను. తూటాల డబ్బా తీసి విత్తనాల డ్రమ్ములో దాచాను. తూటాలు లేకపోతే అది ఇనపకర్రే కదా అనుకున్నాను. రెండు రోజులు ఇల్లంతా పీకి పందిరేశారు. మూడో రోజు, మన దగ్గర పదకొండేళ్ళుగా పనిచేస్తున్న తోటమనిషిని పట్టుకుని దొంగ అన్నారు. ఆ మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. డబ్బా తీసుకెళ్ళి ఆయన బూట్ల వెనక పెట్టి, "ఇదుగో ఇక్కడే ఉందిగా" అన్నాను. "నేనే పెట్టి మర్చిపోయానా?" అన్నారు. ఆ ముఖం చూడలేకపోయాను మరదలా. మర్చిపోయేవాడికి ఇంకో మరపు నా చేత్తో అంటగట్టాను.

ఆయన లేకుండా తెచ్చే దారి ఏదైనా ఉంటే చూడు. మీ ఆఫీసులో రూలున్నచోట సందు కూడా ఉంటుందిగా.

నీ వదిన


లైసెన్సుల సెక్షన్
జూన్ 29

వదినా,

బుధవారం అన్నయ్యకి ఫోన్ చేశాను. నువ్వు మార్కెట్‌కి వెళ్ళావట. అరగంట మాట్లాడాడు. నా మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగాడు, ఏ కాలో కూడా గుర్తుంది. నేను చేరినప్పుడు మొదటిసారి తప్పుగా స్టాంపు వేసిన లైసెన్సు సంగతి ఎత్తి ఏడిపించాడు. ఎవరి పేరున లైసెన్సో, ఊరితో సహా చెప్పాడు. నాకే గుర్తులేదు. అలాంటి మనిషికి మతిమరుపని రాస్తున్నావు.

గోరంతలు కొండంతలు చేస్తున్నావని అనను, కానీ భయపడుతున్నావు. భయపడినవాళ్ళకి ప్రతిదీ అలాగే కనిపిస్తుంది. ఆ రైఫిల్ తప్ప అన్నయ్యకి తన ఉద్యోగంలోంచి మిగిలిందేమీ లేదు. అది లాగేసుకుంటే మనిషి ఏమవుతాడో ఆలోచించావా?

నువ్వడిగిన సందు లేదు. ఇంకో దారి ఉంది. ఇంట్లో ప్రమాదముందని నువ్వు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే ఇద్దరు యూనిఫాం మనుషులు వచ్చి స్వాధీనం చేసుకుని వెళ్తారు. చుట్టుపక్కల తోటలవాళ్ళందరూ గోడలెక్కి చూస్తారు. రాస్తావా? రాస్తే చెప్పు, కాగితం పంపుతాను.

నీ మరదలు


తోట ఇల్లు
జూలై 9

మరదలా,

మనుషుల్ని పంపొద్దు, నీకు పుణ్యముంటుంది. నువ్వు ఫోన్ చేసింది పొద్దున పదకొండింటికి. పొద్దునపూట ఆయన మనిద్దరికంటే తెలివిగా ఉంటారు. సాయంత్రం నాలుగు దాటనీ. వాకిట్లోకీ పెరట్లోకీ తిరుగుతూ "ఎవరో వచ్చారు, ఎవరో వచ్చారు" అంటుంటారు. ఆ వేళకి కొత్త మనుషులు గేటు తోసుకుని లోపలికొస్తే, ఆయన చేతిలో అది ఉంటే, ఆ తర్వాత సంగతి నేను రాయలేను.

అందుకని నేనే ఒక పని చేశాను. తిట్టు, కానీ చివరిదాకా చదివి తిట్టు.

మంగళవారం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు తాళాల గుత్తి మేకుకి ఉంది. రైఫిల్ తీశాను. పెట్టె లేకపోతే వెంటనే తెలిసిపోతుందని పెట్టె అక్కడే ఉంచి, దుప్పటి చుట్టి డిక్కీలో బెండకాయల బుట్టల కింద పడుకోబెట్టాను. తూటాలు వేరుగా ఉండాలన్నావు కదా, డబ్బా నా చేతిసంచిలో పెట్టుకుని పక్కసీట్లో ఉంచుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. నీ దగ్గరికి రెండున్నర గంటల దారి. నీ బల్ల మీద పడేసి, నువ్వు తిడుతుంటే వింటూ కూర్చుందామనుకున్నాను.

గతుకు వచ్చినప్పుడల్లా వెనక డబ్ మని చప్పుడు, నా గుండెలో డబ్ మని చప్పుడు. గంట ప్రయాణం చేశాక చెక్‌పోస్టు కనిపించింది. ముందు మూడు కార్లున్నాయి, ఒక్కొక్కదాని డిక్కీ తెరిపించి చూస్తున్నారు. పక్కనే పెట్రోలు బంకులోకి తిప్పేశాను. బంకాయన "ఎంతకమ్మా?" అంటే నోటికొచ్చింది "గాలి" అన్నాను. నాలుగు చక్రాలకీ గాలి కొట్టించుకుని ఇంటిదారి పట్టాను. డిక్కీలో స్టెప్నీ ఉంటుందిగా దానికీ కొడతానన్నాడు మహానుభావుడు. వద్దు బాబూ అని పారిపోయాను.

ఇంటికొచ్చేసరికి ఆయన గుమ్మం మెట్టు మీద ఖాళీ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. డిక్కీ తీసి, దుప్పటి విప్పి, అలవాటు ప్రకారం బోల్టు వెనక్కి లాగారు. తూటా ఒకటి బయటికొచ్చి మెట్టు మీద పడింది. దొర్లుకుంటూ నా కాలి దగ్గరికొచ్చింది.

అది లోపల ఉంది మరదలా. బెండకాయల కింద, ఆ గతుకుల్లో, అది లోపలే ఉంది. కళ్ళతో చూడమన్నావు, వేలితో చూడమన్నావు. నేను ఏదీ చూడలేదు.

ఆయన ఆ తూటాకేసి చూసి, నాకేసి చూసి, "నేను ఖాళీ చేయకుండా పెట్టను" అన్నారు. "ఎప్పుడూ పెట్టను." ఆ రోజు నుంచి గుత్తి తలగడ కింద పెట్టుకుంటున్నారు.

నీ వదిన


లైసెన్సుల సెక్షన్
జూలై 15

వదిన గారికి,

మీ ఉత్తరం ఆఫీసులో విప్పి, మెట్ల మీదికి వెళ్ళి చదువుకున్నాను. అక్కడే కూర్చుండిపోయాను.

మీరు చేసినదేమిటో మీకు తెలుసా? లైసెన్సుదారు బండిలో లేడు. పర్మిట్ లేదు. పెట్టె లేదు. బోల్టు ఊడదీయలేదు. తూటాలు మీ చెయ్యి పక్కనే ఉన్నాయి. పైగా తూటా నింపిన రైఫిల్. ఇన్ని తప్పులూ ఒకే బండిలో నా ఉద్యోగంలో నేను చూడలేదు. చెక్‌పోస్టులో ఆపి ఉంటే మీరు లోపలికి వెళ్ళేవారు, అన్నయ్య లైసెన్సు పోయేది. ఆయన పేరు, ముప్పై ఏళ్ళు మూడు తాళాలు నేర్పిన మనిషి పేరు, ఇదే సెక్షన్‌కి ఫైలుగా వచ్చి నా బల్ల మీద పడేది. ఇదంతా బెదురుబొమ్మకి భయపడి!

దయచేసి ఇక మీరేమీ చేయకండి. నాకు ఆలోచించుకోవడానికి సమయం ఇవ్వండి.


తోట ఇల్లు
జూలై 21

మరదలా,

మీరు అని రాశావు. గారు కూడా తగిలించావు. ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి. చివర మరదలు అని సంతకం కూడా లేదు. తిట్టమన్నాను కాబట్టి పడ్డాను.

బెదురుబొమ్మ కాదు.

ఆ సాయంత్రం చిక్కుళ్ళు కోసి గంప నింపాను. వంగి గంప తలకెత్తుకోబోతున్నాను. గోధుమరంగు చీర, పాత గంప, వంగిన మనిషి. ఆయన వరండా మెట్ల మీద ఉన్నారు. చప్పుడు తర్వాత వినిపించింది, ముందు గంప నా చేతుల్లోంచి ఎవరో గుంజుకున్నట్టు ఎగిరిపడింది. చిక్కుళ్ళన్నీ నా నెత్తిన పడ్డాయి. నేను అరవలేదు. అరిస్తే ఆయనకి తెలిసిపోతుందని పాదుల మాటున అలాగే కూర్చున్నాను, వెలుతురు పోయేదాకా. లోపలికొచ్చాక "తగిలిందా?" అని అడిగారు. పారిపోయిందన్నాను.

గంపకి చిల్లు పడింది. ఎలుక కొరికిందని చెప్పాను. దానిలో ఇప్పుడు ఉల్లిపాయలు పోసి మూలన పెట్టాను.

నీకు ఎందుకు చెప్పలేదంటావు. చెబితే నువ్వు రూలు ప్రకారం పోతావు, ఆయనకి తెలుస్తుంది. నన్ను కాల్చబోయానని ఆయనకి తెలిస్తే, రైఫిల్ ఉన్నా లేకపోయినా ఆ మనిషి నాకు మిగలడు. నాకు చావు భయం లేదని గొప్పలు పోను, బోలెడంత ఉంది. చిక్కుళ్ళు కోయడం మానేశాను, పాదుల మీదే ఎండిపోతున్నాయి. కానీ ఇది అంతకంటే పెద్ద భయం.

నీ వదిన


నా గది, ఇంట్లోనే
ఆగస్టు 2

వదినా,

నిన్ను "మీరు" అని రాసిన చేతిని ఏం చేయాలో తెలియడం లేదు. పది రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తున్నాను.

నేనూ ఒకటి దాచాను. నీకంటే ముందు నుంచి.

పోయిన డిసెంబర్లో లైసెన్సు రెన్యువల్‌కి అన్నయ్య వచ్చాడు గుర్తుందా? నువ్వు కారులోనే కూర్చున్నావు. ఫారం నింపి నాకిచ్చాడు. పుట్టిన తేదీ దగ్గర ఉద్యోగంలో చేరిన తేదీ రాశాడు. వారసులెవరన్న చోట అమ్మ అని రాశాడు. అమ్మ పోయి ఇరవై ఆరేళ్ళు. నేను నవ్వి, "ధ్యాస ఎక్కడుంది అన్నయ్యా?" అని ఇంకో ఫారం తీసి నేనే నింపి సంతకం పెట్టించాను. డాక్టరు సర్టిఫికెట్ కొత్తది కావాలి. పాతదే జతచేసి స్టాంపు వేశాను. వేరే ఎవరైనా అలా వస్తే ఆ ఫారం పట్టుకుని నేరుగా పై అధికారి దగ్గరికి వెళ్ళేదాన్ని. అన్నయ్య కదా అని వెళ్ళలేదు. నీ గంపకి చిల్లు పెట్టిన తూటాకి లైసెన్సు ఇచ్చింది నేను. అందుకే నిన్ను అంత గట్టిగా కాదన్నాను. నువ్వు చెప్పింది నిజమైతే నేను చేసింది బయటపడుతుంది.

సోమవారం మా అధికారికి అంతా చెప్పేశాను. నా మీద విచారణ ఉంటుంది, ఉండనీ. రైఫిల్ నెమ్మదిగా, మర్యాదగా తెప్పించుకోవడానికి ఆయన ఒప్పుకున్నాడు.

దీంతోపాటు అన్నయ్య పేరున ఇంకో ఉత్తరం పెట్టాను. తనిఖీ కోసం రైఫిల్ తీసుకుని ఆగస్టు 18న ఆఫీసుకి రమ్మని రాశాను. అది నా సొంత కాగితం మీద, చెల్లెలిగా చెప్పిన అబద్ధం. జతగా ఉన్న పర్మిట్ మాత్రం అసలుది. నిజంగా తనిఖీ అయితే పర్మిట్‌లో రెండు ప్రయాణాలూ రాస్తాం, రావడానికీ తిరిగి తీసుకెళ్ళడానికీ. "తిరుగు ప్రయాణం" అన్న గడి దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఆ రైఫిల్ తిరిగి రాదు. ఉత్తరంలో అబద్ధం రాయగలిగాను గానీ పర్మిట్ మీద రాయలేకపోయాను. గీత కొట్టేశాను.

అన్నయ్య ఆ గడి చూశాడా, మన పని అయిపోయినట్టే. పొద్దునపూట ఇవ్వకు. మధ్యాహ్నం భోజనమయ్యాక, కళ్ళు బరువెక్కే వేళ చూసి ఇవ్వు.

నీ మరదలే


తోట ఇల్లు
ఆగస్టు 25

మరదలా,

కౌంటర్ దగ్గర నువ్వూ నేనూ దొంగల్లా ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా నిలబడ్డాం. అక్కడ ఏమీ మాట్లాడుకోలేదు కాబట్టి ముందూ వెనకా రాస్తున్నాను.

మధ్యాహ్నం ఇమ్మన్నావు. కొట్టాయన ఇచ్చిన ఉత్తరాన్ని ఏ వేళ ఇద్దామా అని మూడు రోజులు జాకెట్టులో పెట్టుకు తిరిగాను. నాలుగో రోజు పొద్దున నేను పాలు కాస్తుంటే, అది జారి ఆయన కాళ్ళ ముందే పడింది. నా అదృష్టం అలా ఉంటుంది. కళ్ళజోడు తెచ్చుకుని, బల్ల దగ్గర కూర్చుని, ముందు నీ ఉత్తరం, తర్వాత పర్మిట్ చదివారు. పర్మిట్ చాలాసేపు చదివారు. నేను తోమిన గిన్నెలే మళ్ళీ తోముతున్నాను. "ఇందులో..." అన్నారు. నా చేతిలో గిన్నె జారింది. ఆయన ఆగిపోయి, "పెన్నివ్వు" అన్నారు. సంతకం పెట్టారు. ఏం అడగబోయారో అడగలేదు, నేనూ అడగలేదు.

18న పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. రైఫిల్ ఖాళీ చేసి కళ్ళతో చూశారు, వేలితో చూశారు. నా చెయ్యి పట్టుకుని నా వేలు కూడా పెట్టించి, "ఏమీ లేదుగా? చెప్పు" అన్నారు. లేదన్నాను. బోల్టు గుడ్డలో చుట్టారు. ఒక తాళం, రెండో తాళం, మూడో తాళం, ప్రతిసారీ లాగి చూశారు. దారంతా నాకు పాఠమే. దగ్గరి దారి వదిలి టీకొట్టు వైపు తిప్పబోతే గద్దించారు. మంచినీళ్ళకి నేను దిగితే ఆయన బండిలో ఉన్నారు, ఆయన దిగితే నన్ను ఉంచారు. బంకు ముందునుంచి వెళ్తుంటే ఆ బంకాయన నన్ను గుర్తుపట్టి, గాలి కావాలా అన్నట్టు చెయ్యి ఊపాడు. నేను కొండవైపు చూశాను.

చెక్‌పోస్టులో ఉన్న అతను ఆయన దగ్గర నేర్చుకున్నవాడేనట. "మూడు తాళాల మాస్టారు!" అని సెల్యూట్ కొట్టి వెళ్ళిపొమ్మన్నాడు. ఊరుకుంటారా! "పర్మిట్‌లో బండి నంబరు చూశావా? చూడకుండా ఎలా పంపుతావు?" అని వాడిచేత అన్నీ తెరిపించి, చూపించి, వాడు చెమటలు కక్కాక కానీ కదలనివ్వలేదు. మునుపటి మనిషి తిరిగొచ్చినట్టయింది. సంతోషం పట్టలేకపోయాను. ఆ వెంటనే ఏడుపొచ్చింది, ఈ మనిషినా నేను మోసం చేస్తున్నది అని.

మీ కౌంటర్ దగ్గర రసీదు తీసుకుని జేబులో పెట్టుకున్నాక ఒకసారి వెనక్కి తిరిగి చూశారు, నువ్వూ గమనించే ఉంటావు. ఇంటికొచ్చేదాకా కళ్ళు మూసుకునే ఉన్నారు.

సాయంత్రాలు ఇంకా తిరుగుతున్నారు. ఎవరో వచ్చారంటున్నారు. కానీ చేతిలో ఏమీ ఉండదు. మొన్న నేను గంపెత్తుకుని పాదుల్లోకి వెళ్ళాను, మే నెల తర్వాత ఇదే మొదలు. ముదిరిపోయినవి పీకేసి లేతవి కోసుకొచ్చాను.

అయినా నా మనసు కుదుటపడలేదు. వారమైంది, తనిఖీ అయిందా, ఎప్పుడు తెచ్చుకుందాం అని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఏం చెప్పను? రిపేరులో ఉందననా? మీ బీరువా తాళం పోయిందననా? ఇంకెన్ని అబద్ధాలు చెప్పాలి? విచారణ సంగతి కూడా రాయి.

నీ వదిన


తోట ఇల్లు, వరండా
గోడ మీద కాలెండర్ చూసి వేస్తున్న తేదీ: ఆగస్టు 30, ఉదయం

చెల్లెమ్మా,

ఇది మంచి పూట, అందుకని ఇప్పుడే రాస్తున్నాను. మీ వదిన మార్కెట్‌కి వెళ్ళింది.

పర్మిట్‌లో తిరుగు ప్రయాణం గడి కొట్టేశావు. గీత స్కేలు పెట్టి కొట్టావు, మొదట చుక్క, చివర చుక్క. అలా కొట్టడం నీకు నేర్పింది నేనే. తనిఖీకి పిలిచి ఒకవైపు పర్మిట్ ఇవ్వరమ్మా. ఆ కాగితం నేను ముప్పై ఏళ్ళు చదివాను. చదివే సంతకం పెట్టాను.

అంతకుముందే మూలనున్న గంపలో ఉల్లిపాయలు తీసి చూశాను. ఒకవైపు చిల్లు చిన్నది, రెండోవైపు పెద్దది, ఈనెలు బయటికి విరిగి ఉన్నాయి. ఎలుక అలా కొరకదు. ఎప్పుడు జరిగిందో నాకు గుర్తులేదు, ఎంత ప్రయత్నించినా గుర్తు రావడం లేదు. కానీ తూటా చిల్లు నాకు తెలుసు, ఆ గంప మోసేది మీ వదినేనని తెలుసు. మీ వదిన అరిచి ఉండదు, ఆ రోజు ఇంట్లో నేను మామూలుగానే అన్నం తిని ఉంటాను.

చెయ్యి వణికిందేమోనని నువ్వు అనుకోవచ్చు. వణకలేదు. గంప నడిమధ్య తగిలింది. దేన్ని చూసి గురిపెట్టానో దాన్నే కొట్టాను. గురి చెడితే కళ్ళజోడు మార్చుకునేవాణ్ణి. చూసినదే వేరొకటిగా కనిపిస్తే దానికి రూలు లేదు. అందుకే తెచ్చి ఇచ్చేశాను.

గంప సంగతి నాకు తెలుసని మీ వదినకి చెప్పకు. ఎలుక కొరికిందనే నేను నమ్ముతున్నానని అనుకోనీ. ఆ ధైర్యంతోనే పాదుల్లోకి వెళ్తోంది. రసీదు రాసినతను నీ మీద విచారణ ఉందని చెవిన వేశాడు, డిసెంబరు ఫారం గురించట. అందులో నిన్నేమైనా అడిగితే, ఫారం తప్పు నింపింది నేనని నా మాటగా రాసిస్తాను, మంచి పూట చూసి పిలిపించు.

ఇంకొకటి. నేను మళ్ళీ అడుగుతాను. రేపో, వచ్చే నెలో, నా రైఫిల్ ఏది, ఎవరు తీశారు అని కేకలేస్తాను. తోటమనిషిని దొంగ అంటాను. అప్పుడు మీరిద్దరూ రిపేరులో ఉందని, పోయిందని చెప్పకండి. నేనే తెచ్చి అప్పజెప్పానని చెప్పండి, ఖాళీ చేసి, బోల్టు తీసి, మూడు తాళాలు వేసి, దగ్గరి దారిలో తెచ్చానని చెప్పండి. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ అదే చెప్పండి. నేను నమ్మను. అప్పుడు ఈ ఉత్తరం చూపించు. నా చేతిరాతని నేను నమ్ముతాను.

మీ వదినకి ఇకనుంచి ఇంటికే రాయి. పాపం విత్తనాల కొట్టాయన ఎన్నాళ్ళు మోస్తాడు.

అన్నయ్య